జారుడు రోజు

యాకుత్స్క్‌లో అక్టోబరు.
రాత్రి తడిసిన వీధి తెల్లారేసరికి గాజు.

నా పేరు తుయారా. లెక్కల టీచర్ని.
బోర్డు మీద సున్నా చుట్టబోతే
కోడిగుడ్డయింది, మరో ఏడు తెగిన తాడయింది.
పిల్లలు మొదట నవ్వారు.
వాళ్లు నవ్వడం మానేసిన రోజు నేను బడి మానేశాను.

తప్పతాగిందన్నాడు బస్సు కండక్టరు.
తప్పటడుగులంది పక్కింటి ముసలమ్మ, జాలిగా.
అమ్మ ఒక్త్యాబ్రినా ఏమీ అనలేదు.
తన చేతికర్రను నా మంచం పక్కకు జరిపింది.

నయం చేసే మందు లేదు, అన్నాడు అయాల్ మొదటిరోజే,
ఇనుప కడ్డీల మధ్య నన్ను నిలబెట్టి.
"పని మాత్రం ఉంది."
పాదాలు ఎడంగా.
చూపు నేల మీద కాదు, గోడ గడియారం మీద.
మణికట్టుకు ఇసుక సంచి కడితే
చెంచా కాస్త బుద్ధిగా నోటిదాకా వచ్చింది.
మాటలు నేర్పే ఆవిడ
చేప ముళ్లు ఏరినట్టు
ఒక్కో అక్షరం ఏరి పలకమంది.

బుధవారాలు మేం ఏడుగురం.
ఎవరి కప్పూ సగానికి మించి నింపం.
ఎందుకని ఎవరూ అడగరు.

ఇవాళ బుధవారం.
వీధి వీధంతా
కాళ్లు ఎడంగా, చేతులు రెక్కల్లా,
తూలి, గోడ పట్టుకుని, నిలదొక్కుకుని,
పోలీసు, పాలమ్మాయి, బూట్ల కొట్టాయన.
ఆ కండక్టరే నా ముందు జారి
నా మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"పాదాలు ఎడంగా," అన్నాను, ముళ్లు ఏరి ఏరి.
"చూపు గడియారం మీద."

ఏ గడియారం? అన్నాడు,
చెయ్యి వదలకుండా.