అరగ్లాసు నీళ్ళ గురించి

సోంపేటలో పెద్ద సభ జరిగినప్పుడల్లా
మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టేవారు,
ఫొటోలో బాగుంటామని కాబోలు.
నీళ్ళలో ఏముందో ఒకాయన
మందుల్లో ఏముందో ఇంకొకాయన
గంటన్నర చెప్పేవారు.
చివర్లో మజ్జిగ పంచేవారు.
డయాలసిస్ వాళ్ళకి, మజ్జిగ!
గున్నమ్మ ప్యాకెట్టు చింపకుండా కొంగున ముడేసి
మనవడికి పట్టుకుపోయేది.

ఒకసారి నేను చెయ్యెత్తాను.
అడగాలనుకున్నది చిన్న ముక్క:
రాత్రి రెండింటికి నాలిక అంగిట్లో అతుక్కుపోతే
ఏం చేస్తున్నారు మీరంతా?
"టైము లేదు, రాసి పంపండి" అన్నారు.
ఎవరికి పంపాలో చెప్పలేదు.

ఆ వారమే, కవిటి రోడ్డులో
నేను లెక్కలు రాసే కొబ్బరిపీచు షెడ్డు వెనకాల
ఓనరు బైరాగిని బతిమాలి ఏడు కుర్చీలు వేశాను.
మంగళవారం, పొద్దు వాలాక.
అట్టముక్క మీద బొగ్గుతో రాశాను:
దాహం గురించి మాత్రమే.
ఎందుకొచ్చిందీ జబ్బు అన్నది ఇక్కడ వద్దు.
మా ఆవిడ చదివి నవ్వింది.
"దాగం గురించి మాటాడుకోడానికి మనుసులొత్తారేటి?
అదేటి, సినిమాయా?"

మొదటి మంగళవారం ఎవరూ రాలేదు.
రెండోసారి మేక వచ్చింది,
అట్ట తినేసి పోయింది.
మూడోసారి కూర్మయ్య
పీచు బేరానికి వచ్చి ఊరికే కూర్చున్నాడు.
చాలాసేపటికి, చేతిమీది సూది గుర్తులు నిమురుకుంటూ,
"నానైతే రాయి సప్పరిత్తానండి.
గోలీకాయంత గులకరాయి.
బారువ ఒడ్డున దొరికింది.
ఉప్పు పోయేదాకా కడిగినాను."

అక్కణ్ణుంచి మొదలయింది.

తవిటమ్మ నిమ్మతొక్క వాసన చూస్తుందట,
నాకదు, చూస్తుందంతే.
ఢిల్లేశ్వరి రోజంతటి నీళ్ళనీ
దగ్గుమందు మూతతో కొలుచుకుంటుంది,
పన్నెండో మూత పడుకునే ముందు.
రిటైరైన కండక్టరు చిన్నారావు
అరగ్లాసు సాయంత్రానికని దాచుకుంటే
పిల్లి తాగేసిందని ఏడ్చాడట,
అరవైరెండేళ్ళ మనిషి.
అందరం నవ్వాం.
పిల్లి పేరు అడిగాం.

నిద్ర పట్టనివాడొకడు వచ్చాడు, కుర్రాడు.
మూడు వారాలు నిద్ర గురించే మాట్లాడాడు.
ఇది దాహం కుర్చీ నాయనా,
నిద్రకి నువ్వే వేసుకో అన్నాను.
అన్నాక రాత్రంతా నాకే నిద్ర లేదు.
వాడు నిజంగానే వేశాడు,
కంచిలి రైలుగేటు దగ్గర, గురువారాలు, నాలుగు స్టూళ్ళు.
చిన్నారావు అక్కడికీ వెళ్తాడు.

తర్వాత పెద్ద సభ మనిషి వచ్చాడు.
మంచివాడే. నిలబడే మాట్లాడాడు.
ఇంత ఉపయోగమైన సంగతి
ఏడుగురితో ఆగిపోవాలా అన్నాడు.
రెండొందల మంది, షామియానా, మైకు,
శ్రీకాకుళం నుంచి బస్సు.
నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు.
మనసులో కుర్చీల అద్దె లెక్కేస్తున్నాను.
గున్నమ్మ అంది కదా,
"రెండొందల మందిలో నా నాలిక గురించి ఏటి సెప్పగలను బాబూ.
ఈ ఏడుగురికైతే సాపి సూపింతాను."
చాపి చూపించింది కూడా.
ఎండిన చెరువు అడుగులా ఉంది.
ఆయన తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు.

నిన్న మంగళవారం వాన.
రేకుల మీద మోతకి
ఒకరి మాట ఒకరికి చేరలేదు.
మైకుంటే బాగుండునని
మొదటిసారి అనిపించింది నాకు.
చూరు నుంచి నీళ్ళు తాళ్ళుతాళ్ళుగా దిగుతున్నాయి.
ఏడుగురం అటే చూస్తున్నాం.
కూర్మయ్య బుగ్గలో రాయి ఇటునుంచి అటు మారింది.
గున్నమ్మ అరచెయ్యి చాపింది.
నిండాక పారబోసింది.
మళ్ళీ చాపింది.