నాలుగో తూటా

చీసపీక్ అఖాతం ఒడ్డున
రెల్లు ఇంకా నిద్ర లేవలేదు.
పడవ పక్కకు చేర్చి తుపాకీ ఇమ్మన్నాను.
ఎల్వుడ్ ప్రూయిట్ ఇచ్చాడు,
మూతి నీటివైపు వంచి, పసిబిడ్డను అందించినట్టు.

బాతుల వేటకు చట్టం మూడు తూటాలే ఒప్పుతుంది.
నాలుగోదానికి చోటు లేకుండా
తూటాల గొట్టంలో చెక్కముక్క అడ్డుండాలి.
ఒకటి తోశాను. రెండు. మూడు.
నాలుగోది కూడా
చలిమంట దగ్గర చుట్టంలా సర్దుకు కూర్చుంది.

"ఉప్పునీళ్ళకు ఉబ్బి విరిగింది ముక్క.
కొత్తది చెక్కేలోగా నువ్వొచ్చావు."

వాళ్ళ తాత తుపాకీ చూశాను నేను, షెడ్డులో,
పడవంత పొడుగు.
ఒక్క పేలుడుకు డెబ్బై బాతులు తేలేవట నీళ్ళమీద.
ఇప్పుడు దాని నోట్లో కందిరీగల కాపురం.
ఆ డెబ్బై నుంచి ఈ మూడు దాకా రావడానికి
ఎంత ఆకాశం ఖాళీ అయిందో
ఏ చట్టంలోనూ రాయలేదు.

జరిమానా కాగితం పెన్సిల్‌తో రాశాను,
ఈ చలికి సిరా గడ్డకడుతుంది.
సంతకం పెట్టాడు. పెన్సిల్ తిరిగివ్వలేదు.
గొట్టం పక్కన ఆనించి కొలిచి,
చాకుతో కొస కోసి,
మూత విప్పి లోపలికి జారవిడిచాడు.
"ఇప్పుడు చూడు."

చూశాను. మూడు.
నాలుగోది గుమ్మంలోనే ఆగిపోయింది,
బొటనవేలికి తెలిసేంత మొండిగా.

తూర్పు తెల్లబడింది.
రెల్లు మీదుగా ఒక గుంపు
వంకర గీతలా వచ్చింది.
ఎల్వుడ్ తుపాకీ ఎత్తలేదు.
"ఎన్నంటావు?" అన్నాడు.

రాసుకుందామని జేబు తడుముకున్నాను.
పెన్సిల్ లేదు.