ఒళ్లంతా చెవులే

ఓస్లోలో ఆ నేలమాళిగ గదికి కిటికీ లేదు.
ఫిబ్రవరికి ఎలాగూ వెలుగు లేదు గనక
ఎవరమూ అడగలేదు.
నా పని ఎలుకలకు నీళ్లు పెట్టడం,
గాజుపలకలు కడగడం,
రాత్రిళ్లు టిక్కుటిక్కుమనే యంత్రం ఆగకుండా చూడడం.

హాల్‌డిస్ డాక్టరమ్మ ఒక ఎలుక పిక్కలో నరం తెంచింది.
వారం తిరిగాక
"రా తురీద్, చూడు" అంటూ
మైక్రోస్కోపు నా వైపు జరిపింది.

నరం పలికినన్నాళ్లూ
కండపోగుకి ఒకటే చెవి.
అంత పొడవు ఒంట్లో సూదిమొన మోపేంత చోటు.
అక్కడే గుంపుగా గ్రాహకాలు,
అక్కడే మడతలు మడతలుగా చర్మం,
ఎదురుగా, తాకీ తాకనంత ఎడంలో,
నరం కొస.

ఇప్పుడు కబురు ఆగింది.
చెవి చోటు చాలక
ఒళ్లంతా పాకింది.
ఏ మూల మందుచుక్క వేసినా ఉలిక్కిపడుతోంది.
ఎవరూ పిలవకుండానే
తనలో తాను అదురుతోంది.

ఇది నాకు తెలుసు, అన్నాను.
నేను చూశాను.
మా అమ్మని.

వార్డోలో, వంటింటి అలమర మీద రేడియో.
సాయంత్రం ఆరున్నరకి చేపలపడవల మాటలు వచ్చేవి.
గరగరల మధ్య మా నాన్న గొంతు:
"ముప్పై పెట్టెలు. గాలి తక్కువ. అంతే."
ఆ అంతే కోసం
అమ్మ, చేతిలో సగం చెక్కిన బంగాళాదుంపతో,
ఓ వైపు తల వంచేది.
మిగతా రోజంతా చెవిటిదే.
మేం కొట్టుకున్నా, పాలు పొంగినా
ఆవిడకి పట్టేది కాదు.

ఓ ఏడు ఆరు రోజులు ఆ గొంతు రాలేదు.

రెండో రోజుకే అమ్మ
రేకు మీద వాలిన సముద్రకాకిని విన్నది.
గోడలో మంచు చిట్లడం విన్నది.
పక్కింటి బోర్గ్‌హిల్డ్ దగ్గు, మా నిద్రలో ఊపిరి,
అన్నీ కబుర్లే.
నాలుగో రోజు
ఎవరూ తట్టని తలుపు తీసి
చీకట్లోకి "ఆఁ, వస్తున్నా" అంది.

ఏడో సాయంత్రం గరగర.
"యాంటెన్నాకి మంచు కట్టి విరిగింది. పన్నెండు పెట్టెలు. అంతే."
అమ్మ కుర్చీలో కూలబడింది.
ఒక్కో చెవీ రాలిపోవడం
నేను చూశాను, ఒట్టు.
మర్నాడు పాలు పొంగాయి. ఆవిడ వినలేదు.

హాల్‌డిస్ నవ్వలేదు.
"ఈ తీగ చేసేదీ అదే" అంది.
నరం లేకపోయినా సరే,
టిక్కు, టిక్కు,
కండ కదిలితే చాలు,
అక్కర్లేని చెవులు కొన్నాళ్లకి వాటంతటవే పోతాయి.
కబురు చెవిలో పడి ఊరుకోదు తురీద్,
చెవిని చెక్కుతుంది.

మరి పాత చోటు? అని అడిగాను.

అది పోదట.
నరం వెళ్తూ వెళ్తూ
పొరలో ఏదో జిగురు వదిలిపోతుందట.
మళ్లీ మొలిచి వచ్చిన కొస
అంత కండలోనూ
తడుముకుంటూ ఆ పాత గుంట దగ్గరికే చేరుతుందట.

నాన్న కడలి మానేసి పదేళ్లు.
ఆరున్నరకి ఎదురుగానే కూర్చుంటాడు,
సూప్ చప్పరిస్తూ, వాతావరణం గొణుగుతూ.
అమ్మ మాత్రం
ఆయన్ని వినడానికి ఇప్పటికీ
అలమర వైపే తల తిప్పుతుంది.