తరుగు

నేను డాక్టర్ని కాను.
ఆస్పత్రి మూడో అంతస్తులో
జిరాక్స్ మెషీన్ పక్క బల్ల నాది.
ఇష్బెల్ ఊపిరితిత్తుల గురించి రాస్తుంది,
నేను డాలర్ల గురించి.
జెనాన్ వాయువు సిలిండర్లు, టెక్నీషియన్ జీతం,
గ్లేస్ బే నుంచి ముసలి గని కార్మికుల్ని తెచ్చే వ్యాను,
వాళ్లకో గిన్నెడు సూపు.
సూపంటే ఒట్టావా ఒప్పుకోదు.
"పాల్గొనువారి పోషణ" అంటే ఒప్పుకుంటుంది.

గనులు మూసేసి ఇరవై ఏళ్లు దాటింది.
వాళ్ల ఛాతీల్లో మాత్రం
ఇంకా రాత్రి షిఫ్టు నడుస్తూనే ఉంది.
మామూలు ఎక్స్‌రేకి అది మసక.
జెనాన్ పీల్చి పది సెకన్లు బిగబడితే
గాలి ఎక్కడిదాకా వెళ్లిందో
ఎక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోయిందో
తెరమీద తెల్లగా కనిపిస్తుంది.

మొదటిసారి అడిగినప్పుడు మా జాబితాలో నలభై ఒక్కరు.
తొమ్మిది నెలలకి జవాబు:
"ఆలోచన బాగుంది. శాంపిల్ చిన్నది."
రెండోసారికి ముప్పై నలుగురు.
"శాంపిల్ మరింత తగ్గినట్టుంది. కారణం వివరించగలరు."

ఇష్బెల్ ఆ రాత్రి ఏడు పేర్లు రాసి పంపింది,
ఎవరు ఏ నెలలో, ఏ వార్డులో.
పేర్లు రాయకూడదు, గోప్యతా నిబంధన.
ఒక్కొక్కటీ కొట్టేసి
గడిలో నింపాను: తరుగు, ఏడు.
బొగ్గు తూకంలో వాడే మాట.
వాళ్లకి కొత్తేం కాదు.

మూడో దరఖాస్తుకి ముందు
స్టెఫాన్ హుట్నిక్ వచ్చి ప్రాక్టీసు చేశాడు.
ఆరు దాకా లెక్కపెట్టి దగ్గాడు,
కళ్లు తుడుచుకుని నవ్వాడు:
"మిగతా నాలుగూ ఒట్టావాని బిగబట్టమను."

మార్చిలో, రేవులో మంచు ఇంకా కరగకముందే
మంజూరైంది.
అడిగినదాంట్లో పాతిక శాతం కోత.
ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
ఇష్బెల్ వియన్నా ప్రయాణం పోయింది,
కొత్త కంప్యూటరు పోయింది,
నా బల్లకి రావాల్సిన కుర్చీ కూడా.
పెన్ను సూపు దగ్గరికొచ్చి
దాన్ని దాటేసింది.

మధ్యాహ్నమంతా ఫోన్లు.
కొన్ని నంబర్లు ఇప్పుడు వేరేవాళ్లవి.
ఒక కూతురు మర్యాదగా వినిపించుకుని
"ఆలస్యమైంది" అని పెట్టేసింది.

హుట్నిక్ ఎత్తాడు. మాట రాలేదు,
కిటికీ సందులో గాలిలా
ఈల ఒకటి, పోతూ వస్తూ.
"తొందరేం లేదు" అన్నాను,
ఇన్నేళ్ల తర్వాత, నేను.
చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుని
అడిగాడు,

సూపు బఠానీదా, బార్లీదా అని.