ఎడం

మధురవాడ కొండ వెనక రేకుల షెడ్డులో
మా తుపాకి ఉంటుంది.
పదకొండు మీటర్ల పొడవు.
దాని నోట్లోంచి వచ్చేది
మిరియపు గింజంత అల్యూమినియం గుండు.
ఎవర్నీ చంపడానికి కాదు.
పైన తిరిగేవాటిని ఎలా బతికించుకోవాలో
కింద కొట్టి చూసుకోడానికి.

సెకనుకి ఏడు కిలోమీటర్లు.
900కె బస్సు
ఆగి ఆగి, చేపల బుట్టలెక్కించుకుని,
చిల్లర కోసం తగువాడుకుని,
గంటన్నరకి చేరే భీమిలికి
నాలుగే సెకన్లు.

దాలినాయుడు
షిప్‌యార్డులో ముప్పై రెండేళ్లు
ఓడల పొట్టకి తుప్పు గీకినవాడు.
మొదటిరోజు మా కవచం చూసి నవ్వాడు.
"ఏటమ్మా, ఇది కవచమా, అప్పడమా?"
మిల్లీమీటరు రేకు. గోరుతో నొక్కితే సొట్ట.
వెనక పది సెంటీమీటర్ల ఖాళీ.
ఆ వెనక అసలు గోడ.
"ఓడకైతే పాతిక మిల్లీమీటర్ల పలకేస్తారు.
దీనికేటి ఇంత పీనాసితనం?"

ఒక్కో గ్రామునీ నిప్పు పోసి ఎత్తాలి కదా అన్నాను.
పైగా గోడ ఎంత మందమైనా
దెబ్బకి లోపలి వైపు పెచ్చులూడితే
మనల్ని కాయాల్సిన గోడే మన మీద పడుతుంది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
అక్కడ గోరే గొడ్డలి.
ఏ రాకెట్టు ఒంటి మీంచో ఎప్పుడో రాలిన
రంగు పెచ్చు చాలు.
దాలినాయుడు తన చెయ్యి చూసుకున్నాడు.
ఆ చెయ్యి రాల్చిన పెచ్చులన్నీ
హార్బరు నీళ్లలో ఊరికే మునిగాయి.
ఒక్కటీ తిరిగి రాలేదు.

షాట్ నంబరు నూట పదిహేడు.
తలుపు తీస్తే కాలిన లోహం వాసన.
రేకులో ఒక చిల్లు,
చొక్కా కాజాలా నీటుగా.
గుండు లేదు.
రేకుని తాకిన క్షణమే
అది గుండులా ఉండటం మానేసింది.
మబ్బయి, ఖాళీలో విప్పారి,
వెనక గోడ మీద
ఇసుకలో తొలి చినుకుల్లా
చిన్న చిన్న గుంటలు పెట్టిపోయింది.
దాలినాయుడు గోడ వెనక తడిమాడు. నున్నగా ఉంది.
"అయితే ఆపింది రేకు కాదన్నమాట,
ఎడం."

ఆ మాట నేను రిపోర్టులో రాయలేదు.
నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నాను.

నన్నిప్పటికీ నిద్రపోనివ్వనిది మాత్రం
నూట ఇరవై నాలుగు.
అదే గుండు, అదే రేకు.
వేగం మాత్రం మూడు కిలోమీటర్లే.
అది చితకలేదు. కరగలేదు.
రేకుని చీల్చుకుని ముద్దగా వచ్చి
గోడలో దిగింది, అవతలికి పోయింది.
మా గేటు దగ్గర లారీల కోసం
'నిదానమే ప్రధానం' అని బోర్డుంది.
ఆ సాయంత్రం దాని ముందు
చాలాసేపు నిలబడ్డాను.
దాలినాయుడు బీడీ వెలిగించి అన్నాడు:
"హుద్‌హుద్ రేత్రి మా గోడ నిలబడ్డాది.
తరవాత వారం ముసురుకి కూలిపోనాది."

ఇప్పుడా ఎడం మధ్యలో
నాలుగు పొరల బట్ట వేలాడదీస్తున్నాం.
జాలరిపేట గరికిన బంగారమ్మ కుట్టింది.
మూడు సూదులు విరిగాయని
వాటి డబ్బులూ అడిగింది.

నిన్న, నూట ముప్పై ఒకటి.
తలుపు మూసేముందు
ఎప్పటిలా అరచెయ్యి అడ్డంగా పెట్టి
ఎడం కొలిచాను.
వేళ్లకి మెత్తగా ఏదో కదిలింది.
బల్లి పిల్ల. బట్ట అంచు పట్టుకుని, కళ్లార్పకుండా.

పంపు దగ్గర కుర్రాడు గడియారం చూపించి అరుస్తున్నాడు.
దాలినాయుడు టార్చి ఆర్పేశాడు.
"ఎలుగు తీసెయ్యండి. అదే ఎల్తాది."
ముగ్గురం చీకట్లో కూచున్నాం.
సముద్రం గాలికి షెడ్డు రేకులు గలగలమన్నాయి.
ఎక్కడో టిక్ టిక్ మంది.
సత్యం, సత్యం అంటూ
బల్ల మీద వేలితో కొట్టాడు దాలినాయుడు.

నలభై నిమిషాలు.
లాగ్‌బుక్కులో 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో
ఏం రాయాలో తెలీక
లోపల ఒకరున్నారు
అని రాశాను.