మూడో గేరులో ఊపిరి

డ్యూటీ దిగి వచ్చేసరికి
జారెన్ మామ నా బైకు బట్టలన్నీ విప్పేసి ఉంచాడు.
ట్యాంకు బల్ల మీద, సీటు కుర్చీలో, చుట్టపుచూపుకొచ్చిన మనిషిలా.
సున్నపురాతి గరాజు నిండా పెట్రోలు,
సందు చివర బిర్జెబ్బూజా సముద్రం.
"చేతులు కడుక్కున్నావా?" అన్నాడు.
పొద్దున్నించీ నేను అందరినీ అడిగిన మాటే.

నాలుగు ఇన్‌టేక్ గొట్టాలకి నాలుగు రంధ్రాలు పెట్టాలి.
డ్రిల్లు మొనకి గ్రీజు దట్టంగా పూశాడు,
అల్యూమినియం పొట్టు దానికే అంటుకుని రావాలని.
మా వార్డులో నలుసు పడిందంటే స్వీట్లు పంచుతారు.
ఇక్కడ నలుసు పడిందంటే ఇంజను దినం.
టార్చి వేసి, వేలు పెట్టి తడిమి, మళ్లీ టార్చి వేసి
నాలుగో గొట్టం దగ్గర ఊపిరి బిగబట్టాడు.
నేనూ బిగబట్టాను. ఎందుకో.

నీలం సీసా మూలన నిలబడి ఉంది,
మా ప్రసూతి వార్డు సీసాకి పెదనాన్న కొడుకు.
అక్కడ సగానికి సగం ప్రాణవాయువు కలిపి ఇస్తాం.
నవ్వుతారు. మొగుణ్ణి తిడతారు.
ఒకావిడ నన్ను ఎవరో పాత పిన్ని అనుకుని
ఇరవయ్యేళ్ల నాటి గొడవ క్షమించేసింది.
ఈ సీసాలో మాత్రం గంధకం కంపు కలిపారు,
సరదాకి ఎవరూ పీల్చకుండా.

"ఇది మండదు," అంటాడు మామ,
"మండేవాడికి వడ్డిస్తుంది, అంతే.
గాలి కొసరి కొసరి వడ్డించి పెట్రోలు పిసినారిగా పోస్తే
పిస్టను వెన్నలా కారిపోతుంది."
సాక్ష్యం బల్ల మీదే ఉంది:
వెన్జు బైకులోంచి పీకిన పిస్టను, ఇప్పుడు మామ యాష్‌ట్రే.
నడుమ యూరో నాణెమంత కన్నం.
సిగరెట్టు బూడిద దాంట్లోంచి కిందికి రాలుతూనే ఉంటుంది,
ఆయన తుడుస్తూనే ఉంటాడు, యాష్‌ట్రే మార్చడు.

నేను అడిగింది అరవై గుర్రాలు.
ఆవగింజ కూడా దూరని జెట్లు బిగించి
పాతిక ఇచ్చాడు.
"మొదటి కాన్పుకి ఇది చాలు."
పెళ్లే చేసుకోని మామ!

రాత్రి రెండు దాకా వైర్లు.
థ్రాటిల్ పూర్తిగా తెరిస్తేనే పలికే స్విచ్చి,
నిప్పురవ్వ నాలుగు డిగ్రీలు వెనక్కి,
ఎడమ బొటనవేలి కింద ఎర్ర బటను.
అది పట్టుకుని నేను అలాగే నిద్రపోయానట.

ఆదివారం, హల్ ఫార్, పాత విమానాల దారి.
ఉప్పుగాలికి కళ్లు మండుతున్నాయి.
పక్క గీతలో వెన్జు.
ఆకుపచ్చ.
ఒకటి, రెండు, మూడో గేరు, నొక్కాను.
ఏమీ లేదు.
మళ్లీ నొక్కాను. వెన్జు వెనకచక్రం నాకు టాటా చెప్పింది.

సీసా కుళాయి ఎవరూ తిప్పలేదు!
ఇంత చేసి, అది మరిచిపోయాం.
మామ నేల మీద కూలబడి నవ్వు,
చీటీలు రాసే ఫ్రెన్చ్ నవ్వు, హెల్మెట్ లోపల నేను.
మూత తీయకుండానే పనిచేసింది గ్యాసు.

రెండోసారి మామ తనే వచ్చి తిప్పాడు,
అర చుట్టు, మరో అర, చెవి ఆనించి విన్నాడు.
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.
మూడో గేరు.
రన్‌వే మొత్తం ఒక్క గుటకలో
నా గొంతులోకి దిగిపోయింది.
ఏమైందో అడక్కండి, నాకు ఒక అరుపు గుర్తుంది,
నాదో, ఇంజనుదో.
కాగితం మీద తొమ్మిది పాయింట్ మూడు.

సోమవారం, ఆరో నంబరు గది.
"ఎప్పుడు పీల్చాలి?" అంది జెరాల్డిన్, మొదటి బిడ్డ.
"నొప్పి లేస్తోందనగానే. శిఖరానికొచ్చాక లాభం లేదు."
నా బటనుకి నేర్పింది ఇందుకు పూర్తిగా తలకిందులు.
మాస్కు అందిస్తుంటే నా ఎడమ బొటనవేలు
దానంతట అదే నొక్కుకుంది, గాలిని.

తెల్లారుజామున ఆడపిల్ల, మూడు కిలోల నూట యాభై.
ఏడుపు విన్నాను.
నేరుగా మూడో గేరే.