ఖాళీ కండె

ఎండకు వీపు పెట్టు, అనేది సైరాకాన్.
రీలు వేసేటప్పుడు
నీ నీడే నీకు గది.

ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున, శానటోరియం మెట్ల కింద
వేసవి మూడు నెలలూ ఆమె దుకాణం.
ఒక గొడుగు, ఒక మడత కుర్చీ,
మెడలో రెండు కళ్ళ ల్యూబితెల్.
నడి చలికాలంలోనూ గడ్డకట్టని నీళ్ళవి.
కెమెరా వీపు తలుపు తెరవమంటే
జులై ఎండలో నా చేతులే
కొయ్యబారిపోయేవి.
పదకొండేళ్ళు నాకు.

కింది అరలో ఖాళీ కండె మిగిలి ఉంటుంది,
తీసి పై అరలో పెట్టు.
నిన్నటి రీలంతా ఇచ్చేసింది అదే,
ఇవాళ్టిది పుచ్చుకునేదీ అదే.
"మా వీధిలో అప్పులూ ఇంతే కుబాత్," అని
బంగారు పన్ను కనపడేలా నవ్వేది.

కొత్త చుట్టకు కాగితం పట్టీ. గోటితో తెంపు.
పంటితో వద్దు, పళ్ళు తర్వాత కావాలి.
బొటనవేలు దాని మీంచి తియ్యకు,
ఒక్కసారి వదులైందా,
అంచుల్లోంచి వెలుతురు చీమల్లా దూరుతుంది.
సన్నగా కోసిన కాగితం కొసని
పై కండె చీలికలో దోపు. వంకర పోకూడదు.
ఒక చుట్టు. ఇంకో సగం.
బిగిసిందా? ఇప్పుడు తలుపు మూయి.
మూశాక నీకు మిగిలేది
చొక్కా గుండీ అంత ఎర్ర కిటికీ.
దాంట్లో ముందు చుక్కలు నడిచి వస్తాయి,
వాటి వెనకాల, బద్ధకంగా, ఒకటి అంకె.

వాడేసిన కాగితం ఒకటి ఇచ్చింది నాకు.
దుప్పట్లో చుట్టాను, రిబాచ్యే బస్సులో చుట్టాను,
కళ్ళు మూసుకుని చుట్టాను.
చూపుకు రానిది వేళ్ళకు వచ్చేసింది.

అయినా తప్పు చేశాను.
ఆ కెమెరాకి ఒక గుణం:
తిప్పావా అని అడగదు.
మీట నొక్కితే చాలు, కళ్ళు తెరుస్తుంది,
ముందు చూసిందాని మీదే మళ్ళీ చూస్తుంది.

తొమ్మిదో అంకె మీద
పొద్దున కిజిల్-కియా గని నుంచి వచ్చిన ఒరొజాలి,
దగ్గు ఆపుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని.
అదే తొమ్మిది మీద
మధ్యాహ్నం తొక్మోక్ పిండిమిల్లు లెక్కలు రాసే ఎర్నా,
గడ్డి టోపీ, మోకాలి మీద చెయ్యి.
కుర్చీ ఒకటే. గొడుగు ఒకటే.

ఆ రాత్రి ఎర్ర దీపం కింద
తొట్టిలోంచి వాళ్ళిద్దరూ కలిసి పైకి తేలారు.
అతని ఛాతీలోంచి ఆమె టోపీ,
అతని మోకాలి మీద ఆమె చెయ్యి,
రెండు ముఖాలకూ కలిపి మూడు కళ్ళు.
సైరాకాన్ పట్కారుతో పైకెత్తి
నీళ్ళు కారుతుండగా చాలాసేపు చూసింది.
తిట్టలేదు.
"పదకొండుకే డబ్బులు," అంది, అంతే.

ఒరొజాలి చూసి, ఇది నేను కాదన్నాడు,
వేరేది తీయించుకున్నాడు, ఒక్కడే ఉన్నది.
ఎర్నా కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది,
తీసి చూసింది,
చిల్లర సంచి విప్పి
రెండు కాపీలు కావాలంది.
రెండోది ఎవరికని సైరాకాన్ అడగలేదు.
నేను అడగబోతే కాలు తొక్కింది.

ఇప్పుడు రీళ్ళు ఎక్కడెక్కడి నుంచో పోస్టులో వస్తాయి,
ఒక్కోటీ గొర్రె మాంసం కిలో ధర.
మెట్ల సిమెంటు రాలింది, గొడుగు నాది.
కాలేజీ పిల్లలు సరదాకి దిగుతారు,
కెమెరా అమ్ముతారా అంటారు,
టీ తాగి పోతారు.

పన్నెండు అయిపోయింది. చివరిదాకా తిప్పి, తలుపు తీసి,
బంక పట్టీ నాలిక మీద తడిపి అంటిస్తాను.
ఆ చేదు మారలేదు.
ఎండకు వీపు పెడతాను.
ఖాళీ కండెను పైకెక్కిస్తాను.
చుక్కలు. ఒకటి.

తిప్పానా?
కిటికీలోకి మళ్ళీ వంగుతాను.
తిప్పాను.